చీటీ అడక్కుండా డాక్సీసైక్లిన్ పంపించే ఆ యాప్‌తో జాగ్రత్త

ఉమ్మి మింగాలన్నా ఏడుపొస్తోంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఏ యాప్ అంటే... "చీటీ అక్కర్లేదు, రెండు గంటల్లో మీ గుమ్మంలో" అని రోజూ మీ ఫోన్లలో మోగుతుందే, అదే. పేరు రాయను, మీకు తెలుసు.

మొటిమలకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, 100 మిల్లీగ్రాములు. స్నేహితురాలికి డాక్టర్ రాశారు, దానికి తగ్గింది, నాకూ తగ్గుతుందనుకున్నా. నా బుద్ధి గడ్డి తింది, ఒప్పుకుంటున్నా. వచ్చింది కత్తిరించిన స్ట్రిప్. గడువు తేదీ ఉన్న ముక్క వాళ్లే దాచుకున్నట్టున్నారు, గుర్తుగా.

ఎలా వేసుకోవాలని చాట్‌లో అడిగా. ఫార్మసిస్ట్‌నని చెప్పుకున్న మనిషి జవాబు: "రాత్రి పడుకునే ముందు ఒకటి. అంతే."

అలాగే చేశా. గుక్కెడు నీళ్లతో మింగడం, లైటార్పి పడుకోవడం. రెండో రాత్రి కాస్త మంటగా ఉంటే యాంటాసిడ్ కూడా కలిపి మింగా. మూడో రాత్రి ఛాతీ మధ్యలో కత్తి దిగినట్టు నొప్పి. గుండెపోటే అనుకున్నా. గొట్టం వేసి చూస్తే అన్నవాహికలో పుండు. క్యాప్సూల్ కడుపులోకి దిగకుండా మధ్యలో అంటుకుని కరిగితే అక్కడే కాల్చేస్తుందట. గ్లాసు నిండా నీళ్లు తాగి, కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉంటే చాలట. ఒక్క వాక్యం! అది టైప్ చేయడానికి వాళ్లకి చేతులు రాలేదు. ఆ యాంటాసిడ్ కూడా మందుని పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వదట. మందు వృథా, పుండు మాత్రం నాకు.

రిపోర్టు ఫొటో పెట్టి నిలదీశా. "మేడమ్, మీరు అడిగారు, మేం పంపాం. మింగడం కూడా మేమే నేర్పాలా?" కింద ఒక నవ్వు బొమ్మ. ఆ వెంటనే బ్లాక్. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు బొమ్మ మాత్రం కళ్ల ముందునుంచి కదలడం లేదు. నిజమే లెండి, 26 ఏళ్లొచ్చి మింగడం రానిదాన్ని నేనే.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఐసోట్రెటినాయిన్ కూడా వాడుతున్నావా?" అదీ డాక్సీసైక్లిన్‌లాగే మొటిమలకి వాడే మందే. ఆ రెండూ కలిస్తే పుర్రెలో ఒత్తిడి పెరిగి చూపుకే ఎసరు రావచ్చట. అదే యాప్‌లో అది నా కార్ట్‌లో ఉంది. కొనడం ఒక్కటే తక్కువ.

మొటిమలా? అలాగే ఉన్నాయి. కొత్తవి రెండు.

సరే, కొనేవాళ్లకి: డాక్టర్ చీటీ లేకుండా వద్దు. తేదీ లేని స్ట్రిప్ తీసుకోకండి, చెడిపోయిన పాత టెట్రాసైక్లిన్‌తో (డాక్సీసైక్లిన్ కుటుంబం మందే) కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లున్నారు. ఐరన్, కాల్షియం బిళ్లలు వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. గర్భిణులూ, 8 ఏళ్లలోపు పిల్లలూ అయితే సొంతంగా అస్సలు వద్దు. ఎండకి చర్మం ఇట్టే కమిలిపోతుంది, కప్పుకోండి. చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, బ్లాక్ చేశాక నాకు ఒక్క ముక్క మిగల్లేదు.