వెండి అని కొన్న రెండు రోమన్ నాణేలు

మాది నల్లగొండ. మా నాయిన కాలం నుంచి పట్టీలు, కడియాలు, మెట్టెలు చేస్తున్నాం. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక పాత నాణేల దుకాణం నుంచి రెండు రోమన్ నాణేలు తెప్పించుకున్నాను. రెండూ రోమన్ చక్రవర్తుల పేర్లతో వచ్చినవి: మూడో గోర్డియన్‌ది 6,500 రూపాయలు, గాలియెనస్‌ది 2,200. బిల్లు ఇచ్చారు, ప్యాకింగ్ బాగుంది.

మన జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ రోమన్ నాణేలు ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఆ కాలపు దెనారియస్‌లో, అంటే రోమన్ల వెండి నాణెంలో, వెండి నూటికి 95 పాళ్ల పైనే. నేను కొన్నవి వాటికి రెండు వందల ఏళ్ల తర్వాతవి. ఎంత తేడా!

గోర్డియన్ 238లో, పదమూడేళ్ల వయసులో గద్దెనెక్కాడు. ఆ ఒక్క ఏడాదిలోనే రోమ్‌లో ఆరుగురు చక్రవర్తులు. నాణెం మీద పిల్లవాడి ముఖం, తలపై కిరణాల కిరీటం. ఆ కిరీటం ఉంటే రెండు దెనారియస్‌ల విలువ అని గుర్తు. 215లో కారకల్లా చక్రవర్తి ఈ రకం తెచ్చినప్పుడే లోపల వెండి ఒకటిన్నర దెనారియస్‌కు సరిపోయేంతే. నా కాటాలో 4.2 గ్రాములు తూగింది. టంచ్, అంటే అందులోని అసలు వెండి పాలు, సగానికి కాస్త తక్కువ. అయినా తెల్లగా ఉంది. కల్తీ వెండిని కాల్చి పులుపులో వేస్తే పైనున్న రాగి పోయి వెండి తేలుతుంది. మేం చింతపండు నీళ్లతో చేసే పనే అది. ఆ పిల్లవాడి ముఖం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఈ నాణేనికి ఐదు నక్షత్రాలు.

గాలియెనస్‌ది 2.9 గ్రాములు, వెనక డయానా దేవత జింక. అతని తండ్రి వాలేరియన్ 260లో పర్షియా రాజు షాపూర్‌కు పట్టుబడ్డాడు. అటు గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) విడిపోయింది, ఇటు సైనికులకు జీతాలు ఆపలేరు. ఉన్న కాస్త వెండినే రాగిలో కలుపుతూ పోయారు. జింక నాణేలు కొట్టిన చివరి రోజులకు నూటికి ఐదు పాళ్లు కూడా లేదు, పైన పలచటి వెండి పొర తప్ప.

నా బాధ ఇక్కడే. అమ్మినవాళ్లు దీన్నీ ‘వెండి నాణెం’ అనే రాశారు. పైగా ఏదో మందు పెట్టి తోమేశారు. జింక కాళ్ల సందులో తప్ప తెలుపు మిగల్లేదు. ఫోన్ చేస్తే "వెండే సార్" అన్నారు. అలాంటి సరుకు నేను వెండని ఇస్తే మా ఊళ్లో ఎవరైనా మళ్లీ నా దుకాణం గడప తొక్కుతారా? దీనికి రెండు నక్షత్రాలు, అవీ జింక కోసమే.

గాలియెనస్ కొనేవాళ్లు కడగని నాణెమే అడగండి, రెండు వైపులా ఫొటోలు తెప్పించుకోండి. ఇంటికొచ్చాక చింతపండు, నిమ్మకాయ అసలు తగలనివ్వకండి. మిగిలిన ఆ పొర కూడా పోతుంది.