బీపీ ఉన్నవారి రక్తనాళాలకు ఏ పరీక్ష మేలు?

మా మేనమామకు బీపీ వచ్చి పన్నెండేళ్లు. రోజూ ఒక ఆమ్లోడిపిన్ మాత్ర, ఒక్కనాడూ మానడు. మొన్న అరవై పైచిలుకు పరీక్షల ప్యాకేజీ చేయించుకుని కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. రక్తనాళాల ముప్పుకు గుర్తుగా చూసే హోమోసిస్టీన్ అనే ఆమినో ఆమ్లం 26 అని ఎర్ర అక్షరాలు. 15 దాటకూడదని పక్కనే ఉంది. "ఒరేయ్, నా రక్తనాళాలు పాడైపోయినట్టేనా?" అన్నాడు.

అంత బెంగ అక్కర్లేదు. మామ శాకాహారి, పాలూ పెరుగూ కూడా అంతంత మాత్రమే. బీ12 తగ్గితే హోమోసిస్టీన్ పెరుగుతుంది. చూస్తే ఆయనకు బీ12 అడుగంటింది. దాన్ని సరిచేసుకోవాల్సిందే. అయితే బీ విటమిన్లతో హోమోసిస్టీన్ దిగినా గుండెపోట్లు తగ్గలేదని 2006లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. చైనాలో మాత్రం బీపీ రోగులకు వారి మందు ఎనలాప్రిల్‌తో పాటు ఫోలిక్ ఆసిడ్ అనే బీ విటమిన్ ఇస్తే పక్షవాతం కొంత తగ్గిందని 2015లో తెలిసింది, కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం.

రెండోది హెచ్‌ఎస్-సీఆర్‌పీ, ఒంట్లో లోలోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) పట్టిచ్చే రక్తపరీక్ష. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 3 దాటితే ముప్పు ఎక్కువ. చిక్కేమిటంటే చిగుళ్లు వాచినా, జలుబు చేసినా పెరిగిపోతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇవ్వాలా వద్దా అని డాక్టరే ఊగిసలాడుతున్నప్పుడు పనికొస్తుంది.

నా ఓటు మూత్రపరీక్షకే. రక్తనాళాల గురించి అడిగితే మూత్రం అంటాడేమిటని మామ మొహం చిట్లించాడు. మూత్రపిండంలోని వడపోత గుత్తులు నిజానికి సన్నని రక్తనాళాల చుట్టలే. బీపీ తాకిడికి వాటి గోడలు దెబ్బతింటే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. పొద్దున మొదటి మూత్రంలో ఆల్బుమిన్, కండరాల వ్యర్థమైన క్రియాటినిన్‌ల నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. జ్వరమున్నా, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా శ్రమపడినా పెరుగుతుంది గనుక ఒక్కసారి చూసి తేల్చరు. అన్నిటికన్నా ముఖ్యం, దీన్నిబట్టి బీపీ మందే మారవచ్చు. ఆల్బుమిన్ పోతుంటే టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటివాటి వైపు మొగ్గుతారు.

మామకు మొదటిసారి 84, తర్వాత 71 వచ్చింది. డాక్టరు టెల్మిసార్టన్ చేర్చి, రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూపించమన్నారు. అరవై పరీక్షల్లో ఈ మూత్రపరీక్ష ఒక్కటే లేదు. ఆ సీసా పట్టుకుని వీధిలో నడవడమే నామోషీగా ఉందని మామ ఇప్పటికీ గొణుగుతాడు.