పాత ల్యాప్‌టాప్‌తో ఆరున్నరేళ్లు

మూత మీద ఇప్పటికీ అగ్గిపెట్టె అంత మచ్చ ఒకటి ఉంది. ఏదో కంపెనీ తన ఆస్తి నంబరు వేసి అంటించిన స్టిక్కరు తాలూకు జిగురు అది. అమ్మినవాడు స్టిక్కరు పీకాడు గానీ జిగురు తుడవలేదు. నేనూ తుడవలేదు. 2019 ఆగస్టులో సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో, 21,500 రూపాయలు పెట్టి దీన్ని కొన్నప్పుడు దాని వయసు మూడేళ్లు. ఇప్పుడు తొమ్మిదిన్నర.

పర్యావరణం మీద ప్రేమతో పాతది కొన్నానని చెబితే అబద్ధమవుతుంది. హనుమకొండలో మాది చిన్న డీటీపీ దుకాణం. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా పెద్దమనిషి అచ్చు వేయించుకునే కవితా సంపుటి. శ్రావణ మాసం పెళ్లిళ్ల కార్డుల ఒత్తిడిలో ఉండగా డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు సీటీసీలో దొరుకుతాయని ప్రెస్సు మిత్రుడు చెబితే తెల్లవారుజామున రైలెక్కి వెళ్లాను. ఇలాంటి సరుకును ‘రీఫర్బిష్డ్’ అనీ, ‘గ్రీన్’ అనీ, ‘సస్టెయినబుల్’ అనీ పిలుస్తారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఏ కంపెనీదో రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్క పేరుకే చెందవు. ఆఫీసుల కోసం తయారయ్యే 14 అంగుళాల నల్ల ల్యాప్‌టాప్, ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇంట్లో వాడకానికని షోరూములో అమ్మేవాటికీ వీటికీ తేడా వెనక్కి తిప్పి చూస్తే తెలుస్తుంది. అడుగున మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగే మరలుంటాయి. ఎక్కడ ఏ మర విప్పాలో, ఏ తీగ ఏ దిక్కుకు లాగాలో బొమ్మలతో చూపే పుస్తకాన్ని కంపెనీయే ఉచితంగా అందుబాటులో పెడుతుంది. వందల సంఖ్యలో కొనే ఆఫీసు, చెడిన ప్రతి యంత్రాన్నీ బయటికి పంపుతూ కూర్చోదు కదా. వాళ్ల సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు నాలుగేళ్ల తర్వాత నాబోటివాడికి అక్కరకొచ్చింది.

మొదటిసారి విప్పింది 2020 లాక్‌డౌన్‌లో. పని లేదు, షట్టర్ దించి ఉంది. హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేస్తుందని తెప్పించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఊరికే పడి ఉంది, దాని ఖరీదు 2,300. పుస్తకం ముందు పెట్టుకుని, మరలను వరుస తప్పకుండా కాగితం మీద పరిచి, అడుగు మూత లేపాను. ఫ్యాను పక్కన బిస్కెట్ పొడి, ఒక పొడవాటి వెంట్రుక. నాకంటే ముందు ఈ యంత్రం ముందు కూర్చున్న మనిషి ఎవరోగానీ మధ్యాహ్నం భోజనం సరిగా చేసేవారు కాదనిపించింది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటిదాకా టీ తెప్పించుకుని తాగేలోపు గానీ తెరుచుకోని యంత్రం, గ్లాసు చేతికొచ్చేలోపే సిద్ధమవడం మొదలుపెట్టింది. లోపల ర్యామ్ పెట్టే రెండో అర ఖాళీగా ఉంటే, అందులో మరో 8 జీబీ ర్యామ్, పాతదే, 1,700కు దొరికితే వేశాను.

బ్యాటరీ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. ఇందులో రెండున్నాయి. లోపల చిన్నది, వెనక గొళ్లెం జరిపితే ఊడి వచ్చే పెద్దది. కొన్న రోజున రెండూ కలిసి నాలుగు గంటలు వస్తాయన్నారు. గంటా పది నిమిషాలు వచ్చింది. ఆన్‌లైన్‌లో 1,400కు దొరుకుతోంది కదా అని పెద్దదాని స్థానంలో ఒకటి తెప్పించాను. ఏడో నెలలో దాని అంచు ఉబ్బి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెడితే ఒక మూల లేచి కుర్చీలా ఊగడం మొదలైంది. అప్పుడు భయమేసింది. తీసి వరండాలో ఇసుక బకెట్లో పెట్టి, ఆ వారం సికింద్రాబాద్ వెళ్తూ ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. రెండోసారి 3,900 పెట్టి, తయారీ నెల చూసి మరీ కొన్నాను. అయిదో ఏడు నడుస్తున్నా ఇప్పటికీ రెండున్నర గంటలు వస్తోంది. పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లు బ్యాటరీ డబ్బును మొదటి రోజే ధరలో కలిపేసుకోవాలి. అమ్మేవాడు చెప్పే గంటల లెక్క వినీ విననట్టు ఊరుకోవడం మేలు.

కీబోర్డు కథ తెలుగు టైపు చేసేవాళ్లకే అర్థమవుతుంది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో కొడతాను. అందులో పొల్లు ఉండేది ఇంగ్లిషు ‘డి’ మీట మీద. ప్రతి ఒత్తుకూ ముందు అది నొక్కాల్సిందే. ‘లక్ష్మీవేంకటేశ్వరస్వామి’ అని శుభలేఖ మీద ఒకసారి కొడితే ఆ మీట నాలుగుసార్లు కిందికి వెళ్తుంది. మూడేళ్లు నిండకుండానే దాని మీది అక్షరం చెరిగిపోయి, నల్లగా నిగనిగలాడింది. 2022లో మాఘమాసం పెళ్లిళ్ల కాలానికి మీట అడుగు రబ్బరు చచ్చిపోయి, గట్టిగా గుద్దితే తప్ప పడేది కాదు. ఒత్తులు పడక ‘కల్యాణం’ కాస్తా ‘కలయాణం’ అయిన కార్డు ఒకటి ప్రూఫు దాకా వెళ్లింది. పెళ్లికూతురి తండ్రి మంచివాడు, నవ్వి వదిలేశాడు. కొత్త కీబోర్డు 1,600. నేనే మార్చుకున్నాను. పాతదాన్ని దాచాను, ఇంకేదైనా మీట అవసరం పడుతుందని.

ఇక కరెంటు. మాకు కోతలు తగ్గాయి గానీ వేసవి గాలివానలకు తప్పవు. డెస్క్‌టాప్ రోజుల్లో కింద యూపీఎస్ ఉండేది. దానిలోని సీసం బ్యాటరీ రెండేళ్లకోసారి పోయేది. ఈ ఆరున్నరేళ్లలో అలాంటివి మూడు కొనే పని తప్పింది. ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు ఒకటి కొని కొలిచాను కూడా. మా ఆవిడ వద్దంటూనే ఉంది. పాత డెస్క్‌టాప్‌లాంటిదే పక్క దుకాణంలో ఉంటే, మానిటరు, యూపీఎస్‌తో కలిపి సుమారు 95 వాట్లు లాగింది. నా ల్యాప్‌టాప్ సగటున 14. రోజుకు తొమ్మిది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు వేసుకుంటే అది 256 యూనిట్లు, ఇది 38. యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి రెండు వేలకు కాస్త తక్కువ మిగులు.

ఈ లెక్క చేస్తుండగానే అసలు సంగతి తట్టింది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. అంటే నా ల్యాప్‌టాప్ ఏడాదంతా నడిస్తే 27 కిలోలు. ఇలాంటి ల్యాప్‌టాప్ ఒకటి తయారై కొనేవాడి చేతికి చేరేసరికే 200 కిలోలు దాటుతుందని కంపెనీలు తమ పత్రాల్లో తామే రాసుకుంటాయి. ఏడేళ్లు వాడితే గానీ వాడకంలో వచ్చే కార్బన్ తయారీలో వచ్చినదాన్ని అందుకోదు. అలాంటప్పుడు కొత్త మోడల్ పదిహేను శాతం కరెంటు తక్కువ తింటుందని ఊరించి, బాగా నడిచేదాన్ని పక్కన పడేయించడం నాకు వింతగా అనిపిస్తుంది.

కొత్త ‘పచ్చ’ సరుకు వాడకుండానే మాట్లాడుతున్నానని అనుకోవద్దు. రెండు కొన్నాను. మొదటిది మౌసు. మళ్లీ వాడిన ప్లాస్టిక్‌తో చేసిందట, అట్టపెట్టె మీద ఆకు బొమ్మ, లోపల ప్లాస్టిక్ సంచి కూడా లేదు, ముచ్చటగా ఉంది. రెండేళ్లకు పక్కల ఉన్న రబ్బరు కరిగి చేతికి బంకలా అంటుకోవడం మొదలైంది. ఛార్జింగ్ బ్యాటరీ లోపల అతికించేశారు, తీసే దారి లేదు. పై పటారం లోన లొటారం. ఇప్పుడు వాడుతున్నది తీగ ఉన్న నాలుగు వందల రూపాయల మౌసు.

రెండోది అమ్మాయి బీటెక్‌లో చేరినప్పుడు 2022లో కొన్న పలచటి ల్యాప్‌టాప్. అట్టపెట్టె మీద ఎపీట్ బంగారు స్థాయి గుర్తు ఉంది. 2006 నుంచి ఉన్న పర్యావరణ లేబుల్ అది, ఊరూపేరూ లేనిది కాదు. తప్పనిసరి షరతులన్నీ తీరిస్తే కంచు, ఐచ్ఛిక అంశాల్లో సగం మార్కులు వస్తే వెండి, మూడొంతులు వస్తే బంగారం. విష పదార్థాలు, ప్యాకింగ్, కరెంటు వాడకం వంటివన్నీ చూస్తారు. చూడటం మంచిదే. అయితే మిగతా వాటిలో మార్కులు తెచ్చుకున్న యంత్రానికి, ర్యామ్ మార్చే వీల్లేకపోయినా బంగారం దక్కుతుంది. అమ్మాయిదానిలో 8 జీబీ ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు. మూడో ఏడాది ప్రాజెక్టు పనికి అది చాలలేదు. పెంచాలంటే బోర్డంతా మార్చాలన్నారు సర్వీసు సెంటర్‌లో, 27 వేలు. తొమ్మిదేళ్ల నా ముసలిదానిలో 16 జీబీ, మూడేళ్ల దాని పడుచుదానిలో 8. తండ్రీకూతుళ్లం ఒక రాత్రి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాం.

ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ పక్కన ధరతోపాటు, అది ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే మార్కులు పదికి వేసి చూపించాలనే నియమం వచ్చింది. విడిభాగాల ధర కూడా అందులో లెక్కే. అదే ఏడాది వచ్చిన ఫ్రేమ్‌వర్క్ అనే ల్యాప్‌టాప్‌లో బోర్డు దగ్గర నుంచి ఛార్జింగ్ రంధ్రం దాకా దేనికది విడిగా మార్చుకోవచ్చు. నాకు ఆకు బొమ్మ కంటే ఆ పదికి వచ్చిన మార్కులే పనికొస్తాయి. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు తయారీదారుల మీద రీసైక్లింగ్ లక్ష్యాలు పెట్టాయి, సంతోషమే. కానీ రీసైక్లింగ్ చివరి మజిలీ. పైగా మనం అక్కడికి కూడా సరిగా చేరడం లేదు. 2022లో ప్రపంచమంతా పోగైన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక. నా పాత డెస్క్‌టాప్ అలాంటి ఏ లెక్కలోకీ రాలేదు. దాన్ని 2019లో పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మేశాను. బోర్డులోని రాగి కోసం ఎవరు ఎక్కడ ఏం కాల్చారో.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు పంపడం, ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవే అర్హమైనవి, నాది ఆరో తరం. ఒక్క మర కూడా వదులు కాని యంత్రం ఆ తేదీతో కాగితం మీద ముసలిదైపోయింది. వారం రోజులు ఆలోచించి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. ఇన్‌స్క్రిప్ట్ మామూలుగానే పనిచేసింది. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో కొత్త పనులన్నీ అందులోనే చేస్తున్నాను. చిక్కంతా పాత పనులతోనే. పదిహేనేళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు, అన్నీ విండోస్‌లో చేసినవి. “పోయినసారి మా పెద్దోడి పెళ్లికి వేసిన డిజైనే కావాలి సార్” అని వచ్చేవాళ్లను కాదనలేను. అందుకని డిస్కులో ఒక మూల విండోస్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ తగలకుండా చేసి, అవసరమైనప్పుడు అందులోకి వెళ్లి వస్తున్నాను. అందరూ ఈ తంటా పడాలని చెప్పను. ఇప్పుడు పాతది కొనేవాళ్లు ఎనిమిదో తరానికి తక్కువ ముట్టుకోకపోవడమే మంచిది.

లోపాలు చాలానే ఉన్నాయి. తెర 1366×768, రంగులు వెలిసినట్టుంటాయి. నాలుగు రంగుల పనికి పక్కన వేరే మానిటరు పెట్టుకోక తప్పలేదు. అప్పుడు నా 14 వాట్ల గొప్ప కొంత తగ్గుతుందనుకోండి. ఛార్జరుతో కలిపి మోస్తే భుజం లాగుతుంది. మే నెలలో ఫ్యాను మోతకు ఫోనులో అవతలివాళ్లు మిక్సీ ఆపమంటారు. 2023లో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీది పేస్టు మార్పించాక, అయిదు వందల ఖర్చుతో, కొంత నయం. కెమెరాలో మనిషి సున్నం కొట్టిన గోడలా కనిపిస్తాడు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకూ, ఆటలాడే పిల్లలకూ ఇది పనికిరాదు.

కొనేటప్పుడు ఏం చూడాలని చాలామంది అడుగుతారు. నేనైతే ముందు యంత్రం ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మూల అమరికల్లోకి, వెళ్లనిమ్మంటాను. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అక్కడ మిగిలి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయాలి. విండోస్‌లో బ్యాటరీ నివేదిక తీస్తే తయారైన నాటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. తెర మూత నాలుగుసార్లు తెరిచి మూసి చూడాలి. బిల్లు, కనీసం ఆరు నెలల వారంటీ కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట వారంటీ ఆ దుకాణం మెట్లు దిగేదాకానే.

మొత్తం ఖర్చు కూడితే, ఉబ్బిన బ్యాటరీతో సహా, 32,900. 78 నెలలకు పంచితే నెలకు 420 పై చిల్లర. అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గిన ఒక్కటీ తెరకు, బ్యాటరీకి సమానంగా పంచుకోవచ్చు.

తెర మూత చూడమన్నాను కదా, సంక్రాంతి నుంచి నాదానిలో కుడి పక్క హింజ్, అంటే తెర కీలు, వదులైంది. చెయ్యి తీస్తే తెర నెమ్మదిగా వెనక్కి వాలిపోతోంది, కునికిపాట్లు పడే మనిషిలా. ప్రస్తుతానికి వెనక రెండు పంచాంగాలు పేర్చి ఆనించాను. చౌరస్తాలో బాగుచేసే కుర్రాడి దగ్గర ఇదే మోడల్ నీళ్లు పడి చచ్చిపోయింది ఒకటుందట, దాని హింజ్ తీసి వేస్తానన్నాడు. ఆరు వందలు అడిగాడు, అయిదు వందలకు ఒప్పుకున్నాడు. దాని తెర కూడా బాగానే ఉంటే చూడమన్నాను. శనివారం చెబుతానన్నాడు.