పాత స్లాబు మీద 3 కిలోవాట్ల సోలార్: బరంపురంలో ఏడాదిన్నర వాడాక

మాది 1986లో మావయ్యగారు కట్టించిన ఇల్లు. 2024 చివర్లో సూర్యఘర్ పథకం కింద సోలార్ పెట్టించాం. 3 కిలోవాట్లకు కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. ఎండ బాగా కాస్తే రోజుకు 12 యూనిట్లు వస్తున్నాయి, ముసురు పట్టిన రోజు మూడో నాలుగో. నెలకు సగటున 300 అనుకోండి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుదే, యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే మా ఇంటి వల్ల నెలకు రెండు క్వింటాళ్లు తగ్గినట్టే. నాకు ఇది చాలా సంతోషం.

అయితే పెట్టించే ముందు మా అత్తగారు ఒకటే అడిగారు: "గాలికి లేచిపోయి ఎవరి నెత్తినైనా పడితే?" 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి ఎదురింటి రేకులు మా వాకిట్లో పడ్డాయి. ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

మొదట వచ్చిన కాంట్రాక్టరు స్లాబు వైపు కూడా చూడలేదు. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఎనిమిది అడుగుల స్టాండు వేస్తానన్నాడు. అంత ఎత్తైతే గాలి పట్టేస్తుందని వద్దన్నాం. మేస్త్రిని పిలిస్తే సుత్తితో కొట్టి చూశాడు, రెండు చోట్ల డొల్ల శబ్దం వచ్చింది. లోపల చువ్వలు తుప్పుపట్టి ఉబ్బాయి. తుప్పు గీకించి, మందు పూయించి, మళ్లీ పూత వేయించడానికి మూడు వారాలు, 55,000 రూపాయలు పట్టింది. సబ్సిడీలో దీనికి పైసా రాదు. పాత ఇళ్లవాళ్లకు అసలు కష్టం ఇక్కడే. ప్యానెల్‌కు డబ్బిస్తారు, దాన్ని మోసే కప్పుకు ఇవ్వరు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం.

తర్వాత వేరేవాళ్లతో తక్కువ ఎత్తు స్టాండు వేయించాం. కాళ్లన్నీ గోడలు, బీముల మీదికే వచ్చాయి. కింద నడవడానికి లేదు, వడియాలు పెట్టే చోటూ పోయింది. కానీ 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు ఆ రాత్రి నిద్రపోగలిగాం. పొద్దున చూస్తే ఒక్క క్లిప్పు కూడా కదల్లేదు.

వైరింగ్ సంగతి కూడా చెప్పాలి. స్నానాలగదిలో కుళాయి పట్టుకుంటే ఎప్పుడూ కాస్త జివ్వుమనేది, మేం అలవాటు పడిపోయాం. సోలార్ కోసం చూస్తే ఇంటి ఎర్త్ తీగ గోడలోనే తెగిపోయి ఉంది! పిల్లలున్న ఇల్లు. ఇప్పుడు మూడు ఎర్త్ గుంతలు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు (ఆర్‌సీసీబీ) ఉన్నాయి.

ఉప్పు గాలికి నాలుగు మామూలు బోల్టులు ఎనిమిది నెలల్లోనే ఎర్రబడ్డాయి. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. మీరు మొదటే అడగండి. ఇంకొకటి, మా సోలార్ వీధి లైనుకు కలిపి ఉంది, వీధిలో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ ఇన్వర్టర్ విడిగా ఉండాల్సిందే. ప్యానెళ్లు పొద్దున్నే కడగాలి, మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. వాటి నీడ వల్ల కింద పడకగది వేడి కూడా తగ్గింది.

ఇంకో కిలోవాట్ పెంచమని మావారు అంటున్నారు. మిగిలింది వెనక వసారా కప్పే. అది నాలుగంగుళాల స్లాబు, కింద బీము లేదు. ఈ తుఫాన్ల కాలంలోపు దాని పెచ్చులు తీయించి బాగుచేయిస్తాం. ప్యానెల్ మాత్రం అక్కడ పెట్టం.