దివాలా కాగితాలు నింపిపెడతాననే మనిషితో జాగ్రత్త, మా చెల్లెలి నగలు పోయేలా ఉన్నాయి

న్యూజెర్సీలో మన తెలుగువాళ్లకు చాప్టర్ 7 దివాలా కాగితాలు చవకగా చేసిపెడతానని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. అతను లాయరు కాడు. నగలు అప్పగించమని ట్రస్టీ (దివాలా కేసులో ఆస్తుల వ్యవహారం చూసే అధికారి) నుంచి నిన్న మా చెల్లెలికి ఉత్తరం వచ్చింది. ఇంకా నా ఒళ్లు మండిపోతూనే ఉంది.

ఉద్యోగం పోవడం, ఆస్పత్రి బిల్లులు, క్రెడిట్ కార్డులు, ఆ కథంతా మీరు ఊహించుకోగలరు. ఉంటున్నది అద్దె ఇల్లు. విలువైనవి అంటూ ఉన్నవి పెళ్లినాటి నగలే. "బంగారం చూపిస్తే మొత్తం పట్టుకుపోతారక్కా. మీ అత్తగారికి బహుమతిగా ఇచ్చినట్లు కాగితం రాసేద్దాం" అన్నాడు. ఆ కాగితం అతనే టైపు చేసి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గీత గీసి మరీ ఇచ్చాడు. కొద్ది వారాలకే పిటిషన్ వేయించాడు.

అసలు ఆ నగలు దాచాల్సిన అవసరమే లేదు! దివాలా తీసినా మన దగ్గరే ఉంచుకోగల ఆస్తి విలువను మినహాయింపు అంటారు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ జాబితా ప్రకారం నగలకు 2,125 డాలర్ల మినహాయింపు ఉంది. దానికి తోడు ఏ వస్తువుకైనా వాడుకోగల మినహాయింపు 1,675 డాలర్లు. సొంత ఇల్లు లేనివారు ఇంటి మినహాయింపులో మిగిలినదాని నుంచి మరో 15,800 డాలర్ల దాకా ఇందులో కలుపుకోవచ్చు. మినహాయింపులు కోరే షెడ్యూల్ సి అనే ఫారంలో రాసి ఉంటే ఆమె నగలన్నీ చట్టబద్ధంగా ఆమెకే మిగిలేవి. ఇష్టపూర్వకంగా వేరేవారికి ఇచ్చేసిన ఆస్తిని ట్రస్టీ వెనక్కి రాబడితే మాత్రం దానికి మినహాయింపు అడగడానికి వీల్లేదు. పైగా ఏడాదిలోపు ఆస్తి దాచారని తేలితే అప్పుల రద్దుకే ఎసరు వస్తుంది.

అప్పులవాళ్ల సమావేశంలో ప్రమాణం చేయించి, ఈమధ్య ఎవరికైనా ఏమైనా ఇచ్చారా అని ట్రస్టీ అడిగాడు. చెల్లెలు ఉన్నది ఉన్నట్లు చెప్పింది. బయటికి రాగానే అతనికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకరులో విన్నాను. అంతవరకు అక్కా అన్న మనిషి, "చూడండి మేడమ్, నేను టైపు చేసేవాణ్ణి. మీరు చెప్పింది టైపు చేశాను. నగలు ఇచ్చేయమని నేను చెప్పినట్లు రుజువుందా? మళ్లీ ఫోన్ చేస్తే పోలీసులకు చెబుతాను" అన్నాడు. ఆమె ఏడుస్తుంటే, మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతులో తొణుకు లేదు, బెణుకు లేదు. ఎంతమందికి ఇదే మాట చెప్పి ఉంటాడో!

ఇంకొకటి. కార్డుల బాకీ కొంత తీర్చాలంటూ ఆమె 401(కె) రిటైర్మెంటు డబ్బు కూడా తీయించాడు. ఆ ఖాతాను అప్పులవాళ్లు తాకలేరు, కార్డుల బాకీ ఎలాగూ రద్దయ్యేది. ఇప్పుడు ఆ డబ్బు పోయింది, దానిమీద ఆదాయపు పన్ను, 10 శాతం జరిమానా మిగిలాయి.

లాయరు కానివారు ఏ ఆస్తి మిగులుతుందో, ఏది పోతుందో సలహా చెప్పకూడదని చట్టమే ఉంది. కాగితాలు నింపినందుకు పిటిషన్‌లో తమ పేరు, చిరునామా రాసి సంతకం చేయాలి. మా చెల్లెలి పిటిషన్‌లో ఆ చోటు ఖాళీ! మీది తీసి చూసుకోండి.

కాగితాలు అతనితో చేయించుకుని ఇంకా కోర్టులో వేయనివారు ఆగిపోండి, ముందు దివాలా లాయరుకు చూపించండి. చాలామంది మొదటిసారి ఉచితంగానే మాట్లాడతారు. వేసేసినవారు కూడా కేసు ముగిసేలోపు షెడ్యూళ్లు, అంటే ఆస్తులు, అప్పులు, మినహాయింపులు రాసిన ఫారాలు సవరించుకోవచ్చు. దివాలా కేసులను పర్యవేక్షించే ప్రభుత్వ విభాగమైన యూఎస్ ట్రస్టీ కార్యాలయానికి మేం ఫిర్యాదు పంపుతున్నాం. అతనికి డబ్బు కట్టినవాళ్లు రసీదులు, మెసేజీలు చెరిపేయకుండా మీరూ పంపండి.