దంపతుల దేవాలయ మిషన్: 18 నెలలు చేసి వచ్చిన తరువాత నా సమీక్ష

మా వారు ఉద్యోగ విరమణ చేసిన మరుసటి ఏడాది, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము (మోర్మన్ సంఘమని చాలామంది పిలిచేది) తరఫున మేమిద్దరం అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక దేవాలయానికి మిషనరీ దంపతులుగా వెళ్ళి, 18 నెలలు సేవ చేసి తిరిగి వచ్చాము. వెళ్ళే ముందు మేము చదివిన వర్ణనలన్నీ ప్రశాంతత గురించీ ఆశీర్వాదాల గురించీ మాత్రమే ఉండడం వల్ల, రోజు ఎలా గడుస్తుందో, ఆలుమగలకు ఒకరి కోసం ఒకరికి ఎంత సమయం మిగులుతుందో తెలుసుకోదలచిన వారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. సేవకు ఐదింట నాలుగు నక్షత్రాలు ఇస్తాను. మేము అద్దెకు తీసుకున్న ఫ్లాటుకైతే రెండే ఎక్కువ.

ముందుగా డబ్బు సంగతి. జీతభత్యాలు ఉండవు, ఖర్చంతా మనదే; ఆరోగ్య బీమా కూడా మనమే చూసుకోవాలి. 6, 12, 18, 23 నెలలలో ఏ కాలపరిమితినైనా ఎంచుకోవచ్చు. దంపతులు నివాసం కోసం పెట్టే ఖర్చుకు 2011లో నెలకు 1,400 డాలర్ల గరిష్ఠ పరిమితి విధించడం వల్ల పింఛను మీద బతికే చాలామందికి ఈ దారి తెరుచుకుంది. యువ మిషనరీల మాదిరిగా ఇంటింటికీ తిరగవలసిన పని లేదు. పిల్లలతో ఫోనులో మాట్లాడుకోవడానికి అడ్డంకులు లేవు.

మాకు ఉదయపు షిఫ్టు పడింది. మంగళవారం నుంచి శనివారం వరకు మూడున్నరకు లేచి, నాలుగున్నరకల్లా దేవాలయం ద్వారం దగ్గర సిఫారసు పత్రం, అంటే లోపలికి వెళ్ళడానికి సంఘం ఇచ్చే అనుమతి పత్రం, చూపించి, తెల్లని దుస్తులు, తెల్లని బూట్లు ధరించి, షిఫ్టుకు ముందు జరిగే ప్రార్థన సమావేశంలో కూర్చునేవాళ్ళము. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు మా నల్లబూట్ల అంచుల వెంట ముగ్గుగీతలా తెల్లగా పేరుకునేది. వాటిని విడిచి తెల్లబూట్లు తొడుక్కున్నప్పుడు కలిగే హాయి మాటల్లో చెప్పలేను. ఆదివారం దేవాలయం మూసి ఉంటుంది కనుక వార్డు కూటానికి, అంటే స్థానిక సంఘపు ఆరాధనకు, వెళ్ళేవాళ్ళము. సోమవారం బట్టలు, సరుకులు, డాక్టరు.

దంపతుల మిషన్ అన్న పేరు చూసి, రోజంతా పక్కపక్కనే ఉండి పనిచేస్తామని నేను ఊహించుకున్నాను. అక్కడ పురుషుల వైపు పురుషులు, స్త్రీల వైపు స్త్రీలు సేవ చేస్తారు. ప్రార్థన సమావేశం ముగిసిన తరువాత మా వారు ఒక నడవాలోకి, నేను మరొక నడవాలోకి వెళితే, ఐదు గంటల పాటు ఒకరి ముఖం ఒకరికి కనిపించకపోవడమే ఎక్కువ. ఎదురుపడినా గుసగుసగా ఒక మాట, అంతే. ఇంట్లో ఉన్నప్పుడు పదిసార్లు కళ్ళజోడు ఎక్కడని అడిగే మనిషి, అక్కడ నన్ను చూసి మర్యాదగా తలవంచి వెళ్ళిపోతుంటే మొదటి వారం నాకు నవ్వు ఆగలేదు.

విధులలో, అంటే దేవాలయంలో జరిపే పవిత్ర కర్మలలో, పలకవలసిన వాక్యాలను కంఠస్థం చేయడమే అన్నింటికన్నా కష్టమైన పని. ఆ పాఠాన్ని దేవాలయం బయటికి తీసుకుపోకూడదు, బయట పలకకూడదు. కనుక లోపలే ఒక చిన్న గదిలో కూర్చుని చదువుకోవాలి. 68 ఏళ్ళ వయసులో నాకు ఒక పేరా నిలవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంట్లో అయితే ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్ళము, అదీ కుదరదు. మా వారు రాత్రి అన్నం ముందు కళ్ళు మూసుకుని, పెదవులు కదలకుండా మనసులోనే వల్లె వేసుకునేవారు, మధ్యలో ఎక్కడో తప్పినప్పుడు మాత్రం నుదురు ముడిపడేది. జ్ఞాపకశక్తి తగ్గుతున్నదని బెంగపడేవారు ఈ విషయం ముందే తెలుసుకోవాలి. అయితే నేర్పించే సహోదరీలకు ఉన్న ఓర్పును మెచ్చుకోక తప్పదు, ఒక్కరోజు కూడా ఎవరూ విసుక్కోలేదు.

పని విలువ నాకు తెలిసింది కార్డుల దగ్గర. వచ్చినవారు చనిపోయిన తమ పూర్వీకుల తరఫున విధులను పొందుతారు. స్త్రీల పేర్లు గులాబీ రంగు కార్డుల మీద, పురుషుల పేర్లు నీలం కార్డుల మీద ఉంటాయి. ఒక ముసలావిడ తన ముత్తవ్వ పేరున్న గులాబీ కార్డును రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. ఆ పేరును తప్పు లేకుండా పలకాలని నాకు మూడుసార్లు చెప్పింది, పలికాక కార్డును మళ్ళీ సరిచూసుకుంది. మా ముత్తవ్వ పేరు నాకు తెలియదని ఆ రోజే గుర్తించాను.

మేమిద్దరం ఒకే గదిలో సేవ చేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2019 అక్టోబరు నుంచి ముద్రణ విధికి, అంటే దంపతులను శాశ్వతంగా ఒకటి చేసే కర్మకు, స్త్రీలు కూడా సాక్షులుగా ఉండవచ్చు. ఒక శనివారం మనుషులు తక్కువై, ఎప్పుడో చనిపోయిన కొందరు దంపతుల ముద్రణకు మమ్మల్నిద్దరినీ సాక్షులుగా పిలిచారు. ఆ గదిలో ఎదురెదురుగా అద్దాలు ఉంటాయి. ఒకదానిలో మరొకటి ప్రతిఫలించి, తెల్లబట్టల్లో ఉన్న మేమిద్దరం చిన్నవాళ్ళమవుతూ దూరంగా వరుసకట్టి కనిపించాము. మా వారు అద్దంలోనుంచే నా వంక చూశారు.

ఇక ఫ్లాటు. యజమాని పేరు చెప్పను. లిఫ్టు లేని రెండో అంతస్తు, నాణేలు వేస్తే తిరిగే ఉమ్మడి వాషింగ్ మెషీన్. ఎవరో అందులో మరిచిపోయిన నల్లని మేజోడు వల్ల మా వారి తెల్లని ప్యాంట్లు రెండూ లేతనీలంగా మారాయి, కొత్తవి వచ్చేవరకు దేవాలయంలో అద్దెకు ఇచ్చే దుస్తులతో నెట్టుకొచ్చారు. ఫిర్యాదు చేస్తే యజమాని జవాబు ఇవ్వడానికి మూడు వారాలు తీసుకున్నాడు. కనీసం మూడు జతల తెల్లబట్టలు తీసుకువెళ్ళండి.

సోమవారాల్లో ఒకటి రెండుసార్లు సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళాము. 1853లో మొదలుపెట్టి 1893లో ప్రతిష్ఠించిన అక్కడి దేవాలయాన్ని భూకంపాలను తట్టుకునేలా బలపరచడానికి 2019 డిసెంబరు చివరలో మూసివేశారు; పనులు సాగుతుండగానే 2020 మార్చిలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చి శిఖరం మీది మొరోనై అనే దేవదూత విగ్రహం చేతిలోని బాకా ఊడిపోయింది. మా వారు క్రేన్లను చూస్తూ గంటసేపు నిలబడ్డారు. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఒక నక్షత్రం తగ్గించింది నిద్ర కోసం. ఉదయపు షిఫ్టులో రాత్రి ఎనిమిదికే పడుకోవాలి, అందువల్ల సాయంత్రం మాటలకు చోటుండదు. చలికాలంలో షిఫ్టు అయ్యాక కారు అద్దం మీది మంచు కరిగేవరకు పార్కింగులో హీటరు పెట్టుకుని పది నిమిషాలు కూర్చునేవాళ్ళము. రోజు మొత్తంలో మా కబుర్లన్నీ ఆ పది నిమిషాల్లోనే అయ్యేవి. వేసవి రాగానే ఆ కబుర్లూ పోయాయి. మళ్ళీ వెళితే 12 నెలలకే పేరు ఇస్తాము, మధ్యాహ్నపు షిఫ్టు అడుగుతాము, ఫ్లాటు మాత్రం కింది అంతస్తులోనే తీసుకుంటాము.