ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నిఘా: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

హైదరాబాద్ రాయదుర్గంలో ఒక అమెరికన్ హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాసెస్‌లో పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో మా ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు పంపినప్పుడే వాటిలో మూడు రకాల నిఘా పెట్టి పంపారు. ఒకటి వెబ్‌సైట్లను ఆపేది, రెండోది బయటికి వెళ్లే మెయిల్‌ను తనిఖీ చేసేది, మూడోది మనం ఎంతసేపు పనిలో ఉన్నామో లెక్కపెట్టేది. అప్పుడు నేను క్లెయిమ్స్ ఎగ్జామినర్‌ని, ఇప్పుడు టీమ్ లీడ్‌ని. అంటే ఈ నిఘా కింద పనిచేశాను, ఇప్పుడు అదే డాష్‌బోర్డ్ తెరిచి నా టీమ్‌ను చూస్తున్నాను కూడా. కంపెనీ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు రాయడం లేదు.

వెబ్ ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫేస్‌బుక్, సినిమా సైట్లు, ఫైల్ షేరింగ్ సైట్లు బ్లాక్. మొదట్లో రొమ్ము క్యాన్సర్ పరీక్షల గైడ్‌లైన్స్ వెతికినా అశ్లీల పేజీ అని ఆపేసేది. టికెట్ పెడితే తెరిచారు. అయితే ఒక సంగతి అందరికీ తెలియాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ సైటైనా తెరిచి, అడ్రస్ బార్‌కు ఎడమవైపున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ (ఆ సైటు అసలైనదేనని చెప్పే పత్రం) చూడండి. జారీ చేసినవారి చోట మీ కంపెనీ పేరో, ఫిల్టర్ కంపెనీ పేరో కనిపిస్తే, ఆ పేజీని మధ్యలో విప్పి చూసి, మళ్లీ మూసి మీకు పంపుతున్నారని అర్థం. చాలా కంపెనీలు బ్యాంకు, ఆసుపత్రి సైట్లను ఇందులోంచి మినహాయిస్తాయి. మీ కంపెనీ మినహాయించిందో లేదో ఐటీ వాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

మెయిల్ తనిఖీని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మా చేతుల్లో ఉండేది పరాయి మనుషుల జబ్బుల చరిత్ర. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ప్రకారం రోగి వివరాలు బయటికి పోతే బాధ్యత మా క్లయింట్‌కూ ఉంటుంది, మాకూ ఉంటుంది. అడ్రస్‌లో రెండక్షరాలు కొట్టగానే ఔట్‌లుక్ దానంతటదే పాత పేరొకటి చూపిస్తుంది. తొందరలో అది నొక్కితే ఒకరి హెచ్ఐవీ రిపోర్టు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మా టీమ్‌లోనే అలాంటి మెయిల్స్ గేటు దాటకుండా ఆగిపోవడం చూశాను. యూఎస్‌బీ పోర్టులు మూసెయ్యడం, ఫ్లోర్ మీదికి వెళ్లేముందు ఫోన్లు లాకర్‌లో పెట్టించడం కూడా ఇందుకే. వీటి మీద నాకే ఫిర్యాదూ లేదు.

కాకపోతే ఆ తనిఖీ అంకెలు, అక్షరాల వరసను చూసి పట్టుకుంటుంది. ఆధార్ అంటే 12 అంకెలు. పాన్ అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. కాబట్టి ఇంటి అద్దె అగ్రిమెంట్ కోసం మీ ఆధార్ కాపీని ఆఫీసు మెయిల్ నుంచి ఓనర్‌కు పంపినా ఆగుతుంది. ఆగినదాన్ని సెక్యూరిటీ టీమ్‌లో ఎవరో ఒకరు తెరిచి చదువుతారు. పైగా లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు, అంత త్వరగా పోవు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు దాచాలి.

ఇక మూడోది, కీబోర్డు, మౌస్ కదలికలను లెక్కపెట్టేది. నా బాధంతా దీని గురించే.

మనం ఏం టైప్ చేశామో అది దాచదు, చేస్తున్నామా లేదా అన్నదే చూస్తుంది అని ఐటీ వాళ్లు చెప్పారు. అది నిజమే. కానీ మాది చదివే పని. ఒక ఆపరేషన్ క్లెయిమ్ వస్తే డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు, డాక్టర్ నోట్స్ అన్నీ కలిపి పదుల పేజీలు ఉంటాయి. ఆ ఆపరేషన్ ఆ మనిషికి నిజంగా అవసరమైందో కాదో తేల్చాలంటే ఒక్కో పేజీ దగ్గర ఆగి ఆలోచించాలి. ఆగితే అది ఐడిల్ టైమ్, అంటే ఖాళీగా ఉన్నట్టు లెక్క. మా టీమ్‌లో అందరికన్నా తక్కువ తప్పులు చేసే ఎగ్జామినర్‌కే నెల నెలా ఎర్ర గీత వచ్చేది. పేజీలు గబగబా దొర్లించేవాళ్లకు పచ్చ. కూర రుచి చూడకుండా గరిటె ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టినట్టుంటుంది ఈ పద్ధతి. ఆ నివేదిక పట్టుకుని మంచి ఉద్యోగిని సంజాయిషీ అడగాల్సి రావడం టీమ్ లీడ్‌గా నాకు చాలా కష్టమైంది. రెండు మూడు నెలలు చూశాక, ఎర్ర గీత పక్కనే క్వాలిటీ ఆడిట్ మార్కులు కూడా పెట్టి పైకి పంపడం మొదలుపెట్టాను.

కాసేపు కదలిక లేకపోతే 'కారణం ఎంచుకోండి' అని ఒక బాక్స్ వస్తుంది. మీటింగ్, ఫోన్ కాల్, బ్రేక్, ఇతరం. ఏడో నెల గర్భిణి ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది: "అక్కా, వాష్‌రూమ్‌కి వెళ్లినప్పుడల్లా 'ఇతరం' అని పెడుతున్నాను. అన్నిసార్లు ఎందుకని మేనేజర్ అడిగారు. ఏం చెప్పమంటారు?" ఏమీ చెప్పొద్దని, నేను మాట్లాడతానని అన్నాను. మాట్లాడాక ఆమె ఒక్కదాని పేరు మినహాయింపు జాబితాలో చేర్చారు, రూలు మాత్రం అలాగే ఉంచారు. ఒక ఆడపిల్ల ఇలాంటివి కూడా లెక్క చెప్పుకోవాల్సిన పరిస్థితి ఏ కంపెనీలోనూ రాకూడదు.

ఇలాంటి లెక్కలు మనుషులకు నటన నేర్పిస్తాయి. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదలికలను నకిలీగా సృష్టించారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. నకిలీ చేయడం తప్పే. కానీ పనిని కదలికతో కొలవకపోతే ఆ నకిలీకి విలువే ఉండేది కాదు.

దీనితోపాటే స్క్రీన్‌షాట్లు. కొన్ని నిమిషాలకోసారి తెరను ఫొటో తీసి డాష్‌బోర్డ్‌లో పెట్టేది. ఒకరోజు ఒక అబ్బాయి లాగ్ చూస్తుంటే, వాళ్లమ్మ బయాప్సీ రిపోర్టు కనిపించింది. బ్రేక్‌లో తన సొంత మెయిల్ తెరిచి చూసుకున్నాడు. మా పాలసీలో బ్రేక్ టైమ్‌లో కొద్దిపాటి సొంత వాడకానికి అనుమతి ఉంది. అతను తప్పేమీ చేయలేదు, కానీ అతను ఇంకా ఎవరికీ చెప్పుకోని విషయం నాకు తెలిసిపోయింది. ఆ రోజే హెచ్‌ఆర్‌కు రాశాను. ఇంకో ఇద్దరు లీడ్‌లూ రాశారు. చాలా నెలలు పట్టినా, చివరికి స్క్రీన్‌షాట్లు ఆపేశారు. ఇప్పుడు సెక్యూరిటీ అలర్ట్ వస్తే తప్ప తీయడం లేదు. 2024 డిసెంబరులో ఫ్రాన్స్‌లో డేటా రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ సీఎన్ఐఎల్ ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి 40,000 యూరోల జరిమానా వేసింది. ఉద్యోగుల ఖాళీ సమయం లెక్కగట్టడం, స్క్రీన్‌షాట్లు తీయడం ఆ కారణాల్లో ఉన్నాయి. ఆ వార్త చదివినప్పుడు మేం అడిగింది గొంతెమ్మ కోరిక కాదని ధైర్యం వచ్చింది.

మన చట్టం ఉద్యోగి వైపు అంత గట్టిగా లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కే అంది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్, ఉద్యోగ అవసరాలకు, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 మే 7 నుంచి, ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఈ నిఘా గురించి రాతపూర్వకంగా చెప్పి, చదివినట్టు ఉద్యోగి నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. రొమేనియాలో బర్బులెస్కు అనే ఇంజనీర్‌ను 2007లో, ఆఫీసు యాహూ మెసెంజర్‌లో సొంత కబుర్లు చెప్పాడని తీసేశారు. సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడినవి కూడా ప్రింట్ తీశారు. 2017 సెప్టెంబరు 5న యూరప్ మానవ హక్కుల కోర్టు 11-6 మెజారిటీతో అతని పక్షాన తీర్పిచ్చింది. సొంత వాడకం కూడదన్న రూలు అతనికి తెలుసు. కానీ సందేశాల్లోని మాటలు కూడా చదువుతారని ముందుగా చెప్పలేదన్నది అందులో ముఖ్యమైన అంశం.

మా పాలసీలో ఇప్పటికీ 'కంపెనీ అన్ని కార్యకలాపాలనూ పర్యవేక్షించవచ్చు' అన్న ఒక్క వాక్యమే ఉంది. ఏం చూస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, జీతం పెంపులో వాడతారా అన్నవి రాయలేదు. నేను అడిగేది అదే. మెయిల్ తనిఖీ ఉంచండి, రూల్స్ ఇంకా కఠినం చేసినా ఒప్పుకుంటాను. కదలికల లెక్కను మాత్రం రేటింగ్ నుంచి తీసేయండి. ఆ నాలుగు ప్రశ్నలకు ఒక పేజీ జవాబు రాసి అందరికీ ఇవ్వండి.

కొత్తగా చేరేవాళ్లు అవే ప్రశ్నలు ఆఫర్ మీద సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి. సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటే, ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ ఇస్తారా అని కనుక్కోండి. అది ఉంటే ఆఫీసు యాప్‌లు వేరుగా, బ్రీఫ్‌కేస్ గుర్తుతో ఉంటాయి, మీ సొంత ఫొటోలు, చాట్‌లు కంపెనీకి కనపడవు. పీఎఫ్, బ్యాంకు, ఐఆర్‌సీటీసీ ఖాతాలకు ఆఫీసు మెయిల్ ఐడీ ఇవ్వకండి. ఉద్యోగం మానేసిన రోజే ఆ మెయిల్ మూతపడుతుంది, తర్వాత ఓటీపీలు, పాస్‌వర్డ్ లింకులు అందులోకే పోతుంటాయి.